పేపర్ క్లిప్పంత ఇనుము: ధ్రువ సముద్రాల్లో లోహాలు ఎక్కడివి, ఎటు పోతాయి?

అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో, తీరానికి బాగా దూరంగా, వేసవిలో పైపై నీళ్లు ఒక లీటరు తోడితే అందులో కరిగి ఉండే ఇనుము సుమారు 0.1 నానోమోల్. ఈ అంకెతో ఏమీ బోధపడదు కాబట్టి ఇలా చూద్దాం. ఒక గ్రాము బరువున్న పేపర్ క్లిప్పును పూర్తిగా కరిగించి అంత పలచగా కలపాలంటే దాదాపు 18 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. ఒలింపిక్ ఈత కొలనులు 70 నింపినా నీళ్లు ఇంకా మిగులుతాయి.

ఆ కాస్త ఇనుము మీదే అక్కడి జీవం నిలబడి ఉంది. నీటిలో తేలుతూ ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులను ఫైటోప్లాంక్టన్ అంటాం. వాటికి ఎరువుగా పనికొచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు దక్షిణ మహాసముద్రంలో దండిగా ఉన్నాయి. వేసవిలో వెలుతురుకూ కొదవ లేదు. అయినా చాలాచోట్ల పచ్చదనం అంతంతమాత్రం. దీనికి ఇనుము కొరతే కారణమేమో అన్న అనుమానం 1930ల్లోనే వచ్చింది. తేల్చుకోవడానికి మరో 50 ఏళ్లు పట్టింది. ఎందుకంటే అంతవరకూ సముద్రంలో ఇనుము ఎంతుందో సరిగ్గా కొలవడమే చేతకాలేదు. కొలిచినవాళ్లు చాలావరకు తమ ఓడ ఇనుమునే కొలిచారు.

సీసా కడగడం దగ్గర మొదలు

పరిశోధన నౌక అంటేనే వేల టన్నుల ఉక్కు. తుప్పు, ఊడిపోయే పెయింటు, ఇంజిను పొగ, స్టీలు తాడు, దానికి పూసిన గ్రీజు. వీటన్నిటి మధ్య నిలబడి పైన చెప్పినంత పలుచని ఇనుమును కొలవాలి. ఒక మిల్లీగ్రాములో వెయ్యో వంతు తూగే తుప్పు రేణువు లీటరు సీసాలో పడిందంటే, నీటిలో అసలున్న ఇనుముకు వంద రెట్లకు పైగా కొత్తగా వచ్చి చేరినట్టే. ఆ రేణువు కంటికి ఆనడమే కష్టం.

ఈ జాగ్రత్త నేర్పింది సీసం మీద పనిచేసిన క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు లెక్కగట్టింది కూడా ఆయనే. గది గాలిలో, పాత్రల్లో, మనిషి చర్మం మీద, అన్నిచోట్లా సీసం ఉందని, పాత కొలతల్లో చాలావరకు ఆ మురికేనని ఆయన పట్టుకున్నాడు. ఆ బాటలోనే సముద్రశాస్త్రం తన పద్ధతులు మార్చుకుంది. ఇప్పుడు సీసాలను రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఆమ్లంలో నానబెడతారు. అతి శుద్ధమైన నీటితో కడిగి, ఒకదానిలో ఒకటి పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తీసుకెళతారు. స్టీలు తాడుకు బదులు కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో పేనిన తాడు కట్టి, టైటానియం చట్రం దించుతారు. నీళ్లు పైకి రాగానే, వడపోసిన గాలి తప్ప ఇంకేదీ దూరని గదిలోకి చేరుస్తారు. మంచు గడ్డకట్టిన చోట ఓడ మంచును విరగ్గొట్టుకుంటూ వెళ్లడంతోనే పైపై నీళ్లు కలుషితమవుతాయి. అందుకని పరిశోధకులు మంచు పలక మీదికి దిగి, ఓడ పొగ తమ మీదికి రాని వైపు దూరంగా నడిచి, అక్కడ రంధ్రం తొలిచి నీళ్లు తోడతారు. ఇంత ఓపికతో తోడిన నీళ్లు కాబట్టే ఈ వ్యాసంలోని అంకెల్ని నమ్మగలుగుతున్నాం.

ఈ శుభ్రమైన పద్ధతులతోనే అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్ బృందం 1980ల చివర్లో అంటార్కిటిక్ నీటిలో ఇనుమును కొలిచింది. తీరం దగ్గర ఇనుము ఉంది, ప్లాంక్టన్ కూడా ఉంది. దూరం వెళ్లేకొద్దీ నైట్రేటు అలాగే మిగిలిపోయి ఇనుము మాయమైంది. సగం ట్యాంకరు ఇనుమిస్తే మంచు యుగాన్నే తెచ్చిస్తానని 1988లో మార్టిన్ అన్న మాట అప్పట్లో పెద్ద దుమారం రేపింది. ప్లాంక్టన్ పెరుగుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటుంది, చనిపోయి మునిగితే ఆ కార్బన్ కూడా లోతుకు పోతుంది, భూమి చల్లబడుతుంది అన్నది ఆ మాట వెనకున్న ఆలోచన. 1993లో ఆయన చనిపోయిన కొద్ది నెలలకే సముద్రంలో ఇనుము కలిపి చూసే మొదటి ప్రయోగం గాలాపగోస్ దీవుల దగ్గర జరిగింది. 1999 ఫిబ్రవరిలో దక్షిణ మహాసముద్రంలోనే చేసి చూశారు. ఇనుము కలిపినచోట పుట్టిన పచ్చని మరక నెలకు పైగా ఉపగ్రహాలకు కనిపించింది.

ఉండటం వేరు, నిలవడం వేరు

భూమి పైపొరలో అత్యధికంగా దొరికే మూలకాల్లో ఇనుము నాలుగోది. మరి సముద్రంలో ఎందుకింత కరువు? జీవం పుట్టిన రోజుల్లో సముద్రంలో ఆక్సిజన్ లేదు, కరిగిన ఇనుము దండిగా ఉండేది. తొలి జీవులు తమ యంత్రాంగాన్నంతా దాని చుట్టూ అల్లుకున్నాయి. కిరణజన్య సంయోగక్రియలోని ఒక్క భాగానికే, అంటే ఫోటోసిస్టమ్ 1కే, 12 ఇనుప పరమాణువులు కావాలి. నైట్రేటును వాడుకోవడానికి తోడ్పడే ఎంజైములకూ ఇనుమే కావాలి. దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలయ్యాక పరిస్థితి తలకిందులైంది. ఆక్సిజన్ ఉన్న ఉప్పునీటిలో ఇనుము తుప్పుగా మారి అడుక్కు పోతుంది. ఇప్పుడు నీటిలో కరిగి నిలిచిన ఇనుములో దాదాపు అంతా సేంద్రియ పదార్థాలు పట్టుకుని ఉంచినదే. శాస్త్రవేత్తలు వీటిని లిగాండ్లు అంటారు. బాక్టీరియా విడుదల చేసేవి, కుళ్లిన మొక్కల నుంచి వచ్చేవి, ప్లాంక్టన్ చనిపోయాక మిగిలేవి, ఇలా రకరకాలు. ఇనుమును అవి ఎంత గట్టిగా పట్టుకుంటే అది నీటిలో అంతకాలం ఉంటుంది.

నా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకం ఇదే. ఒక సముద్రంలోకి ఎంత లోహం వస్తోందని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. వచ్చినదాన్ని ఎవరు పట్టుకుంటున్నారు, ఎవరు కిందికి లాగేస్తున్నారు అన్నది మిగతా సగం. రెండు ధ్రువాల మధ్య తేడా అంతా ఇక్కడే తెలుస్తుంది.

దక్షిణం: నేల దొరకని సముద్రం

దక్షిణ మహాసముద్రం మంచు కప్పిన ఖండం చుట్టూ అడ్డు లేకుండా తిరిగే నీటి వలయం. నది అన్న మాటే లేదు. దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా, ఆస్ట్రేలియా, దక్షిణ ఆఫ్రికాల నుంచి దుమ్ము ఎగిరొస్తుంది గానీ, ప్రపంచంలోనే అతి తక్కువ దుమ్ము పడే సముద్రాల్లో ఇదొకటి. అప్పుడప్పుడూ మాత్రం పెద్ద మోతాదు పడుతుంది. 2019–20లో ఆస్ట్రేలియా అడవులు తగలబడినప్పుడు ఆ పొగలో, బూడిదలో ఉన్న ఇనుము వేల కిలోమీటర్ల దూరం వెళ్లి, దక్షిణ మహాసముద్రంలో నెలల తరబడి ప్లాంక్టన్ విరబూసేలా చేసింది.

నడిసముద్రంలో ఏటా వచ్చే ఇనుములో ముఖ్యభాగం లోతు నుంచే వస్తుంది. చలికాలంలో తుఫాన్లు నీటిని లోతుదాకా చిలుకుతాయి. అప్పుడు కింది నీటిలోని ఇనుము ఒక్కసారిగా పైకి వస్తుంది. వసంతంలో ప్లాంక్టన్ దాన్ని ఖర్చు చేస్తుంది. ఆ తర్వాత వేసవంతా కొత్తగా వచ్చేది చాలా తక్కువ. ఉన్న ఇనుమే ఒక జీవి నుంచి మరో జీవికి చేతులు మారుతుంది. చిన్న జీవులు ప్లాంక్టన్‌ను తింటాయి, వాటి విసర్జన నుంచి ఇనుము తిరిగి నీటిలోకి వస్తుంది, మళ్లీ ప్లాంక్టన్ అందుకుంటుంది.

ఈ చేతులు మారే పనిలో తిమింగలాలదీ పెద్ద వాటా. ప్లాంక్టన్‌ను క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవి తింటుంది, క్రిల్‌ను తిమింగలం తింటుంది. తిమింగలం కొవ్వుగా దాచుకునేది శక్తిని. ఇనుము పెద్దగా అక్కర్లేదు కాబట్టి విసర్జించేస్తుంది. పళ్లకు బదులు జల్లెడ లాంటి పలకలుండే బలీన్ తిమింగలాల మలాన్ని పరీక్షించిన ఆస్ట్రేలియా పరిశోధకులు, అందులో ఇనుము అంటార్కిటిక్ సముద్రపు నీటి కన్నా సుమారు కోటి రెట్లు ఎక్కువని 2010లో చెప్పారు. తిమింగలం లోతులో తిని పైకొచ్చి విసర్జిస్తుంది కాబట్టి ఆ ఇనుము ఎండ తగిలే పొరలోనే పడుతుంది. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో మనుషులు చంపిన తిమింగలాలు సుమారు 20 లక్షలు. ఆ లెక్క చదివినప్పుడల్లా పోయిన జంతువులతో పాటు ఈ ఇనుప చక్రం కూడా గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

తీరానికి దగ్గరయ్యేకొద్దీ లెక్క మారుతుంది. ఖండం అంచున నీటి కింద అరుగులా సాగిన లోతు తక్కువ ప్రాంతం ఉంటుంది. అక్కడి బురదలో ఆక్సిజన్ అందక ఇనుము తిరిగి కరిగి పై నీటిలోకి ఊరుతుంది. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలోని కెర్గెలెన్ దీవుల దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దీవుల చుట్టూ ఉన్న పీఠభూమి సుమారు 500 మీటర్ల లోతులోనే ఉంది. ఏటా వేసవిలో దాని మీద 45,000 చదరపు కిలోమీటర్ల మేర ప్లాంక్టన్ పూస్తుంది. 2005లో ఫ్రెంచ్ బృందం వెళ్లి చూస్తే, వచ్చిన ప్రతి ఇనుప పరమాణువుకూ లోతుకు దిగిన కార్బన్, మనుషులు ఓడలోంచి ఇనుము కలిపిన ప్రయోగాల అంచనాల కన్నా కనీసం 10 రెట్లు ఎక్కువ తేలింది. అడుగు నుంచి నెమ్మదిగా, ఆగకుండా ఊరే ఇనుముకూ, ఒక్కరోజు పైనుంచి గుమ్మరించిన ఇనుముకూ అంత తేడా ఉంది.

గుమ్మరిస్తే ఏమవుతుందో భారత, జర్మనీ శాస్త్రవేత్తలు 2009లో చేసిన లోహాఫెక్స్ ప్రయోగం చూపించింది. హిందీలో లోహా అంటే ఇనుము, పేరు అలా వచ్చింది. దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపారు. ప్లాంక్టన్ పెరిగింది. కానీ ఆ నీటిలో సిలికా అప్పటికే అయిపోయి ఉండటంతో, గాజులాంటి గట్టి డొల్ల కట్టుకునే డయాటమ్‌లు పెరగలేకపోయాయి. పెరిగిన మెత్తని జాతుల్ని చిన్న జంతువులు తినేశాయి. లోతుకు దిగిన కార్బన్ నామమాత్రం. ఇనుము చల్లి వాతావరణాన్ని చల్లబరచవచ్చని చెప్పేవాళ్లు ముందుగా చదవాల్సిన ఫలితం ఇది.

మంచు సంగతికొస్తే, సముద్రపు నీరు గడ్డకట్టినప్పుడు ఇనుము అందులో పోగుపడుతుంది. తేలే మంచులో ఇనుము కింది నీటి కన్నా పది నుంచి వంద రెట్లు ఎక్కువ ఉండటం మామూలే. వసంతంలో సరిగ్గా వెలుతురు వచ్చే వేళకు అది కరిగి ఇనుమును వదులుతుంది. హిమానీనదాల నుంచి విరిగిపడిన మంచుకొండలు రాతిపొడిని మోసుకెళతాయి. పెద్ద మంచుకొండ వెళ్లిన దారిలో వందల కిలోమీటర్ల పొడవున పచ్చని చార ఉపగ్రహాలకు కనిపిస్తుంది.

ఉత్తరం: నేల చుట్టుముట్టిన సముద్రం

ఆర్కిటిక్‌కు వెళితే అంతా తారుమారు. చుట్టూ ఖండాలు, మధ్యలో సముద్రం. ప్రపంచ సముద్రాల నీటిలో ఆర్కిటిక్ వాటా దాదాపు 1 శాతమే అయినా, ప్రపంచ నదులు మోసుకొచ్చే నీటిలో సుమారు 10 శాతం అందులోనే కలుస్తుంది. ఓబ్, యెనిసెయ్, లేనా, మెకెంజీ నదులు ఉత్తరాది చిత్తడి నేలల గుండా పారి, టీ డికాక్షన్ రంగులో వస్తాయి. ఆ రంగు కుళ్లిన మొక్కల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలది. ఇనుమును పట్టుకునే లిగాండ్లలో అవీ ఉన్నాయి. మామూలుగా నది ఉప్పునీటిని తాకగానే ఇనుములో అత్యధిక భాగం గడ్డకట్టి అక్కడే కూలిపోతుంది. హ్యూమిక్ పదార్థాలు పట్టుకున్నంత మేరకు మాత్రం ఉప్పునీటిని దాటుకుని లోపలికి వెళుతుంది. పైగా ఆర్కిటిక్ విస్తీర్ణంలో సగం దాకా లోతు తక్కువ అరుగులే. సైబీరియా అరుగుల బురద నుంచి ఇనుము, మాంగనీసు, కోబాల్టు ఊరుతూనే ఉంటాయి.

ఇవన్నీ మధ్య ఆర్కిటిక్‌కు ఎలా చేరతాయో చెప్పే కథ 140 ఏళ్ల నాటిది. 1881లో జానెట్ అనే ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగింది. మూడేళ్లకు దాని శకలాలు గ్రీన్లాండ్ నైరుతి తీరంలో దొరికాయి. అంటే మంచు ధ్రువప్రాంతం మీదుగా అటు నుంచి ఇటు ప్రవహిస్తోందన్నమాట. నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ దాన్ని నిరూపించడానికి 1893లో తన ఓడ ఫ్రామ్‌ను కావాలనే మంచులో ఇరికించాడు. 1896లో అది నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు కూడా ఉత్తరాన మంచు నుంచి బయటపడింది. ఈ ప్రవాహమే ట్రాన్స్‌పోలార్ డ్రిఫ్ట్.

2015లో అమెరికా, కెనడా, జర్మనీ నౌకలు జియోట్రేసెస్ అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద ఒకే ఏడు ఆర్కిటిక్‌ను గాలించాయి. ధ్రువం దగ్గర, తీరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, పైనీటిలో నదుల జాడలు దొరికాయి. ఇనుము, కోబాల్టు, రాగి, నికెల్ అన్నీ ఆ ప్రవాహం పొడుగునా ఎక్కువే. దక్షిణ మహాసముద్రంలో 0.1 నానోమోల్ దగ్గర కొట్టుమిట్టాడే ఇనుము ఇక్కడ 1 నానోమోల్‌ను దాటుతుంది. అయినా ఆర్కిటిక్ పచ్చగా మారదు. అక్కడ కొరత నైట్రేటుది. ఆర్కిటిక్ అంతా ఒకే తీరుగా ఉండదు కూడా. అట్లాంటిక్ నీరు వచ్చే నాన్సెన్ బేసిన్ అనే లోతైన ప్రాంతంలో పైనీటి ఇనుము బాగా తక్కువ. లోతులో నదుల ప్రభావం కనిపించదు. అక్కడ గాకెల్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణిలోని వేడినీటి బుగ్గల నుంచి ఇనుము, మాంగనీసు వెలువడి, కొంతదూరం వెళ్లి, అంతలోనే కూలిపోతాయి.

ఒకే పంపు, రెండు రకాల ఎరువు

మంచు కరిగితే అందులోని ఇనుము సముద్రంలోకి వస్తుంది, ప్లాంక్టన్ పెరుగుతుంది అని చాలాచోట్ల రాస్తున్నారు. ఇందులో కొంతే నిజం. పశ్చిమ అంటార్కిటికాలోని అముండ్సెన్ సముద్రాన్నే చూద్దాం. అక్కడ ఖండపు మంచు సముద్రం మీదికి సాగి తేలే మందపాటి పలకలు అడుగు నుంచి కరుగుతున్నాయి. కరిగిన మంచినీరు తేలిక కాబట్టి పలక అడుగున జారుతూ పైకి లేస్తుంది. లేస్తూ తనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా లోతు నీటిని కూడా లాక్కొస్తుంది. అక్కడి వేసవి పచ్చదనానికి అందే ఇనుములో పెద్ద వాటా మంచు నుంచి కాకుండా, అలా పైకి లేచిన లోతు నీటి నుంచి, అది తాకుతూ వచ్చిన అడుగు బురద నుంచి వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. మంచు ఇక్కడ పంపులా పనిచేస్తోంది.

గ్రీన్లాండ్‌లో నేరుగా సముద్రంలోకి దిగే హిమానీనదాల దగ్గర కూడా ఇదే పంపు ఉంది. కరుగునీటిలో ఇనుము చాలానే ఉన్నా అందులో ఎక్కువ భాగం ఫియార్డుల్లోనే, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయల్లోనే, కూలిపోతుంది. అక్కడ ప్లాంక్టన్‌కు మేలు చేసేది లోతు నుంచి వచ్చే నైట్రేటు. అంటే ఒకే యంత్రం దక్షిణాన ఇనుమునూ ఉత్తరాన నైట్రేటునూ, ఎక్కడ ఏది కొరతో దాన్నే, పైకి తోడుతోంది. గ్రీన్లాండ్ హిమానీనదాలు వెనక్కి తగ్గి నేల మీదికి చేరితే మంచు కరగడం ఆగదు గానీ పంపు ఆగిపోతుంది. ఈ భాగాన్ని అర్థం చేసుకున్నాక ‘మంచు కరిగితే సముద్రం సారవంతమవుతుంది’ అన్న వాక్యాన్ని మునుపటిలా చదవలేం.

ఇనుము ఒక్కటే కాదు

ఒక్కో లోహానిది ఒక్కో నడత. జింకు, కాడ్మియం పోషకాల్లా ప్రవర్తిస్తాయి. పైన ప్లాంక్టన్ వాటిని లాగేస్తుంది, అది చనిపోయి మునిగాక లోతులో మళ్లీ విడుదలవుతాయి. కాడ్మియం మనకు విషం. అలాంటిది, ఒక డయాటమ్ జింకుకు బదులు కాడ్మియాన్ని ఎంజైములో వాడుకుంటుందని 2005లో తేలింది. జింకు, సిలికా ప్రపంచమంతటా ఒకదాన్నొకటి అనుసరించడానికి కారణం కూడా దక్షిణ మహాసముద్రమే. అక్కడి డయాటమ్‌లు రెండిటినీ బాగా లాగేస్తాయి. అలా ఖాళీ అయిన నీరే కిందికి దిగి ఉత్తరానికి, ఉష్ణమండలం దాకా వెళుతుంది.

మాంగనీసును ఇనుము తర్వాతి స్థానంలో పెట్టాలి. కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టి ఆక్సిజన్ పుట్టించే చోట 4 మాంగనీసు పరమాణువులు కూర్చుని ఉంటాయి. ఇనుమును కాపాడినట్టు దీన్ని లిగాండ్లు కాపాడవు. లోతులో బాక్టీరియా దీన్ని ఆక్సీకరించి కూల్చేస్తాయి. అందుకని దక్షిణాన లోతు నీరు పైకొచ్చేసరికి మాంగనీసు దాదాపు నిండుకుంటుంది. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న డ్రేక్ జలసంధిలో కొన్నిచోట్ల ఇనుముతో పాటు మాంగనీసు కూడా కొరతేనని ఈమధ్య ప్రయోగాల్లో తేలింది.

పాదరసం దారి వేరు. ఆర్కిటిక్‌లో సుదీర్ఘ రాత్రి ముగిసి సూర్యుడు కనిపించగానే, ఉప్పు మంచు నుంచి వెలువడే బ్రోమిన్ గాలిలోని పాదరసంతో చర్య జరుపుతుంది. అది గంటల్లోనే గాలి నుంచి మంచు మీదికి దిగిపోతుంది. కెనడా ఉత్తర కొసన ఉన్న అలర్ట్ కేంద్రంలో 1995లో దీన్ని మొదట గమనించారు. అందులో కొంత తిరిగి గాలిలోకే పోతుంది. మిగిలింది, నదులు తెచ్చింది కలిసి, నీటిలో మిథైల్ పాదరసం అనే, జీవుల ఒంట్లో పోగుపడే విషరూపంగా మారి, చేపల్లోంచి సీళ్లలోకి, వాటిలోంచి ధ్రువపు ఎలుగుబంట్లలోకి పోగుపడుతూ వెళుతుంది.

ఉత్తరాన నేల కూడా మారుతోంది. అలాస్కాలోని బ్రూక్స్ పర్వతాల్లో తేటగా పారే 75 వాగులూ నదులూ నారింజ రంగుకు తిరిగాయని 2024లో పరిశోధకులు ప్రకటించారు. ఆ రంగు ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపిస్తుంది. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగి, గాలీ నీరూ తగలని సల్ఫైడ్ ఖనిజాలకు ఇప్పుడు రెండూ తగులుతున్నాయి. వాటి నుంచి ఆమ్లం, ఇనుము, జింకు, రాగి, కాడ్మియం కొట్టుకొస్తున్నాయి. ఇందులో ఎంత ఏటి రాళ్ల మీదే తుప్పు పొరగా మిగిలిపోతుందో, ఎంత నదీముఖం దగ్గర కూలుతుందో, ఎంత హ్యూమిక్ పదార్థాల చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దాటుతుందో తెలియాలంటే ఎవరో ఒకరు ఆమ్లంలో నానిన సీసాలు పట్టుకుని వెళ్లి, నీరు తియ్యగా ఉన్నచోటు నుంచి ఉప్పగా మారేదాకా, అడుగడుక్కీ ఆగి నీళ్లు తోడాలి.